అటక మీది సీపీయూకు మళ్లీ కరెంటు ఇచ్చే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కావలి, కందుకూరు, ఆత్మకూరు వైపుల నుంచి నెల్లూరులోని మా షాపుకు వచ్చే పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం పెంటియం త్రీ, పెంటియం ఫోర్ కాలం నాటివి. కొన్ని రైసుమిల్లుల గుమాస్తా గదుల నుంచి వస్తాయి, కొన్ని శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుల నుంచి వస్తాయి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను తెలుగు ఫాంట్లతో కూర్చిన ఏళ్లనాటి ఫైళ్లను దిద్దుకోవడానికి ఆ పాత ఏర్పాటే చేతికి అలవాటని ప్రెస్సువాళ్లు చెబుతారు. ఇంకొందరు ఇంట్లోకి వచ్చిన మొదటి కంప్యూటర్ అన్న మమకారంతో తెస్తారు. వాటంతటవే చెడిపోయినవాటి కన్నా, ఇంట్లో ఎవరో మంచి ఉద్దేశంతో తెలియక చేసిన పని వల్ల చెడిపోయినవి ఎక్కువగా కనబడడం బాధ కలిగిస్తుంది. ఆ పనుల వెనక ఉన్న నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ముందు ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: అన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఏళ్ల తరబడి కరెంటు తగలని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (కరెంటును కొద్దిసేపు నిలవచేసే చిన్న డబ్బాల్లాంటి భాగాల) లోపల ఉండే ఆక్సైడ్ పొర క్రమంగా బలహీనపడుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోకి, అంటే కేబినెట్‌లోని పవర్ సప్లై డబ్బాలోకి వచ్చే 230 వోల్టుల కరెంటు రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) దాటేసరికి దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది కాబట్టి, ఆ ఒత్తిడి ఒక్కసారిగా పడినప్పుడు బలహీనమైన కెపాసిటర్ పేలవచ్చు. దానికి తోడు మన ఇళ్లలో బల్లులు వెచ్చదనం కోసం ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరి అక్కడే చనిపోతాయి. ఎండిన బల్లి రెండు సోల్డరు చుక్కల మధ్య పడి ఉంటే షార్టు కావడానికి అది చాలు.

అందుచేత మొదట కేబినెట్ విప్పి చూడాలి, దుమ్ము ఊదాలి, వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 115 వైపు కాక 230 వైపే ఉందని నిర్ధారించుకోవాలి. తర్వాత మదర్‌బోర్డు నుంచి ఎస్‌ఎంపీఎస్‌ను విడదీసి, ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు ద్వారా, అంటే 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు ద్వారా కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచిదే; నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఆ పరీక్ష దాటాక బల్బు తీసేసి, ఒక పనికిరాని హార్డ్ డిస్కును లోడుగా తగిలించి, ఏటీఎక్స్ రకమైతే (కేబినెట్ బటను బోర్డు ద్వారా ఆన్ చేసే తర్వాతి కాలపు రకం) పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, 12, 5, 3.3 వోల్టుల లైన్లను మల్టీమీటరుతో కొలవాలి. ఐదు శాతానికి మించి తేడా ఉంటే దాన్ని బోర్డుకు తగిలించకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి, అనుభవం లేనివారు ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పవద్దు. పాత పిక్చర్ ట్యూబు మానిటర్‌ను అసలే విప్పవద్దు.

అపోహ: కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పాడైంది.

వాస్తవం: చాలాసార్లు లోపం ఎస్‌ఎంపీఎస్‌లో కాదు, గోడలోని ఎర్తింగులో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో ఫేజు నుంచి కేబినెట్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి కేబినెట్‌కు ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే వాటి గుండా పారే స్వల్పమైన కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే కేబినెట్ మీద సగం వోల్టేజి, అంటే సుమారు 115 వోల్టులు తేలుతూ కనబడతాయి. కరెంటు పరిమాణం తక్కువే అయినా, ఆ స్థితిలో ప్రింటరు కేబులు పెడుతూ తీస్తూ ఉంటే పోర్టు చిప్పు కాలిపోయే ప్రమాదం ఉంది. పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్టు ఉన్నా, పై కన్నానికి తీగే ఉండదు. సాకెట్టు విప్పించి చూపించుకోండి. ఎర్తు బాగున్నా జిల్లు తగ్గకపోతే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించవచ్చు.

అపోహ: బ్యాటరీ మారిస్తే పాత బోర్డు బాగైపోతుంది.

వాస్తవం: నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ ఉన్న బోర్డుల్లో తేదీ, బయాస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) సెట్టింగులు నిలవకపోవడం వరకే ఇది నిజం. పెంటియంకు ముందు తరాలైన 386, 486 బోర్డుల సంగతి వేరు. వాటిలో చాలావాటికి నీలిరంగు గొట్టంలాంటి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని బోర్డుకే సోల్డరు చేశారు. అది కారి, తరచుగా కీబోర్డు కనెక్టరు పక్కన ఆకుపచ్చని పొక్కులా పేరుకుంటుంది; పచ్చ పూత కింద రాగి గీతలు నల్లబడి, సూదితో తాకితే పొడిలా రాలిపోతాయి. కారింది క్షారం కాబట్టి ముందు వెనిగరుతో దాని గుణాన్ని విరిచి, నీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే తెగిన గీతలకు సన్నని తీగలు వేయాలి. ఆ స్థానంలో సీఆర్2032ను నేరుగా పెట్టకూడదు. బోర్డు ఆ బ్యాటరీని ఛార్జి చేయడానికి ప్రయత్నిస్తుంది, అది ఛార్జి చేయదగిన రకం కాదు. మధ్యలో డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) తప్పనిసరి.

అపోహ: కెపాసిటర్లు కొంచెం ఉబ్బినా పనిచేస్తున్నాయి కదా, వదిలేయవచ్చు.

వాస్తవం: 1999 తర్వాత కొన్నేళ్లపాటు లోపమున్న ఎలక్ట్రోలైటుతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డుల్లోకి చేరాయి. ప్రాసెసరు సాకెట్టు చుట్టూ వరుసగా నిలబడినవాటి తల చదునుగా లేకుండా ఉబ్బినా, గోధుమరంగు మరక కనబడినా మార్చవలసిందే. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి అంతే గాని ఎక్కువ గాని ఉండవచ్చు, 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నది కావాలి. మామూలు రేడియో రిపేరు సరుకు ఇక్కడ నిలబడదు. సరైనవి మన దగ్గర దొరక్కపోతే మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకోవడం మేలు. ఈ బోర్డుల్లో గ్రౌండు పొర వేడినంతా లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో బలవంతంగా పీకితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి వస్తుంది.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే అంత వేగం.

వాస్తవం: పాత బోర్డుల్లో ఈ మాట తరచుగా తప్పుతుంది. పెంటియం కాలం నాటి ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ (బోర్డులో ప్రాసెసరును, ర్యామ్‌ను కలిపే చిప్పులు) 256 ఎంబీ వరకు ర్యామ్ తీసుకుంటుంది గాని, అందులో మొదటి 64 ఎంబీకి మాత్రమే ఎల్2 క్యాష్ (ప్రాసెసరుకు చేరువలోని చిన్న వేగవంతమైన మెమరీ) సాయం అందుతుంది. ఆ హద్దు దాటిన భాగంలో నడిచే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది. పెంటియం టూ, త్రీల నాటి 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డుకు 256 ఎంబీ మాడ్యూలు కొనేటప్పుడు రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉన్నదే ఎంచుకోవాలి, ఎనిమిది చిప్పులదైతే సగమే చూపిస్తుంది. విండోస్ 98లో 512 ఎంబీ దాటితే వీక్యాష్ (విండోస్ డిస్కు క్యాష్) ఇబ్బంది వల్ల మెమరీ చాలదన్న సందేశం రావచ్చు, సిస్టమ్.ఐఎన్ఐ ఫైలులో మ్యాక్స్‌ఫైల్‌క్యాష్ హద్దు పెట్టుకోవాలి. పేజ్‌మేకర్, టాలీ నడిపే విండోస్ 98 మిషనుకు 256 ఎంబీ ధారాళంగా సరిపోతుందని నా అభిప్రాయం.

అపోహ: ర్యామ్ కాళ్లను రబ్బరుతో గట్టిగా రుద్దితే సరి.

వాస్తవం: బంగారు పూత చాలా పలచన. మెత్తటి తెల్ల రబ్బరుతో తేలికగా తుడిచి, పొట్టు లేకుండా ఆల్కహాలుతో శుభ్రం చేయవచ్చు. ఇంకు చెరిపే గరుకు రబ్బరు, గాజు కాగితం వాడకూడదు.

అపోహ: ఎస్ఎస్‌డీ పెడితే కొత్త కంప్యూటరైపోతుంది.

వాస్తవం: ఐడీఈ (పాత డిస్కులను వెడల్పాటి కేబులుతో కలిపే పద్ధతి) ఎడాప్టరుతో పెడితే ఫైళ్లు వెతికే ఆలస్యం బాగా తగ్గుతుంది, శబ్దం పోతుంది, ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. అయితే పాత ఐడీఈ పద్ధతి గరిష్ఠ వేగమే సెకనుకు 133 ఎంబీ, 440బీఎక్స్‌లో 33 మాత్రమే. డిస్కులోని చోటును 28 బిట్ల చిరునామాతో గుర్తించే బయాస్‌లు 137 జీబీ దాటి చూడలేవు, అంతకన్నా పాతవాటిలో హద్దులు ఇంకా చిన్నవి. 32 జీబీ లోపు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు చాలా బోర్డులకు సరైన ఎంపిక.

అపోహ: కొత్త డిస్కు పెట్టాక పాత డిస్కును తీరికగా చూసుకోవచ్చు.

వాస్తవం: ఎస్‌ఎంపీఎస్ పరీక్ష కాగానే మొదటి పని పాత డిస్కు నకలు తీయడం. ఏళ్ల తర్వాత తిరిగిన డిస్కు రేపు కూడా తిరుగుతుందన్న హామీ లేదు. దాన్ని విప్పి, వెనకాల ఉండే చిన్న జంపర్ బిళ్లను మాస్టర్ స్థానంలో (డిస్కు ఒంటరిగా పనిచేసేలా) ఉంచి, యూఎస్‌బీ ఎడాప్టరుతో కొత్త కంప్యూటర్‌కు కలిపి, ఫైళ్లు విడివిడిగా కాక మొత్తం డిస్కును ఒకే ఇమేజిగా కాపీ చేయాలి. అప్పుడే ఫాంట్లు, డ్రైవర్లు, సెట్టింగులు కూడా భద్రంగా వస్తాయి. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది కాబట్టి ఆ మిషనును ఇంటర్నెట్‌కు తగిలించకుండా, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తోనే మార్చుకోండి. పాత డిస్కును సిలికా జెల్ సంచితో పాటు యాంటీ స్టాటిక్ కవరులో ఉంచాలి, ముఖ్యంగా మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో.