తిరగని కారుకు తరుగు ఎక్కువ

"గ్యారేజీలోనే పెట్టాం, పెద్దగా తిప్పింది లేదు." పాత స్పోర్ట్స్ కార్లు అమ్మేవాళ్లు గర్వంగా చెప్పే మాట ఇది. కొనేవాళ్లు కూడా ఈ మాటకే పడిపోతారు. మీటరు మీద కిలోమీటర్లు తక్కువంటే అరుగుదల తక్కువ, అరుగుదల తక్కువంటే బండి భద్రంగా ఉన్నట్టే కదా అని వాళ్ల లెక్క. నా మటుకు నాకు, ఇరవై ఏళ్లు కదలని కారు కన్నా రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి నిన్నటిదాకా రోడ్డు మీదున్న కారు మీదే నమ్మకం ఎక్కువ.

ఎందుకంటే కారును కాపాడే ఏర్పాట్లు చాలావరకు అది నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి. ఇంజన్ తిరిగితేనే లోపలి భాగాలకు ఆయిల్ అంటుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితేనే ఆయిల్లోకీ సైలెన్సర్‌లోకీ చేరిన నీరు ఆవిరై పోతుంది. టైరు దొర్లుతూ వంగుతుంటేనే రబ్బరులో కలిపిన రక్షణ మైనం, రసాయనాలు పైకొచ్చి పల్చని పొరగా పరుచుకుంటాయి. బండి ఆగిన రోజున ఇవన్నీ ఆగిపోతాయి. గాలిలోని ఆక్సిజన్, తేమ మాత్రం తమ పని మానుకోవు.

ఇలాంటి కారు చేతికి రాగానే కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని ఎవరికైనా చేయి లాగుతుంది. ఇన్నేళ్లలో జరగని నష్టం ఆ ఒక్క నిమిషంలో జరగొచ్చు. ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్ వాల్వు ఎంతోకొంత తెరుచుకునే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం మీదుగానో కార్బ్యురేటర్ మీదుగానో తేమ గాలి ఆ దారినే లోపలికి చేరుతుంది. పిస్టన్ రింగు, సిలిండర్ గోడ రెండూ ఇనుప జాతివే. అవి ఆనుకున్న చోట సన్నని తుప్పు గీత ఏర్పడి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అందుకే నాలుగు సిలిండర్లలో రెండు అద్దంలా ఉండి, మిగతా రెండూ బిగుసుకుపోయి ఉండటం మామూలే. ఆ స్థితిలో స్టార్టర్ మోటారు బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, ఊడిన తుప్పు గరుకు కాగితంలా గోడను గీరేస్తుంది.

ఓపికున్నవాళ్లు ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో తుప్పు వదిలించే పల్చని నూనె కొద్దికొద్దిగా పోసి, కొన్నాళ్లు వదిలేస్తారు. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడవాటి స్పానర్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా ఒత్తిడి పెడతారు. మొదట రాయిని నెడుతున్నట్టే ఉంటుంది. ఉన్నట్టుండి వెంట్రుకవాసి కదులుతుంది. అక్కడే ఆపి, వెనక్కి కాస్త వదిలి, ఇంకొంచెం నూనె పోసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు పూర్తి చుట్లు చేత్తో తిరిగాక గానీ బ్యాటరీ ఊసు ఎత్తకూడదు. ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చే చిన్న కెమెరా ఉంటే ఇంకా మంచిది. ఏ గోడ మీద ఎంత తుప్పుందో కళ్లారా చూడొచ్చు.

ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. జాగ్వార్ ఈ-టైప్, ఎంజీబీ లాంటి కార్లలో, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేది ఇనుప గొలుసు. దానికి పెద్ద భయం లేదు. కానీ 1962లో జర్మన్ కంపెనీ గ్లాస్ తన 1004 మోడల్‌లో ఈ పనికి రబ్బరు పళ్ల బెల్టు వాడింది. 1966లో ఫియట్ కోసం ఇంజనీరు లాంప్రెడి రూపొందించిన ట్విన్ క్యామ్ (రెండు క్యామ్‌షాఫ్ట్‌ల) ఇంజన్‌తో ఆ పద్ధతి బాగా వ్యాపించింది. ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉండిపోయిన బెల్టు రబ్బరు గట్టిపడుతుంది, పళ్ల మొదళ్లలో పగుళ్లు వస్తాయి. పోర్షా 944 లాంటి ఇంజన్లలో బెల్టు తెగితే తెరుచుకున్న వాల్వులను పిస్టన్లు గుద్దేస్తాయి. అక్కడితో హెడ్డు పని అయిపోయినట్టే. బెల్టు పైకి ఎంత నిగనిగలాడుతున్నా మార్చాకే ఇంజన్ తిప్పాలి.

ఆయిల్ విషయానికొస్తే, నిలబడిన ఇంజన్లో అది నెమ్మదిగా జారి అడుగుకు చేరుతుంది. బేరింగులు, క్యామ్‌లు దాదాపు పొడిగా మిగిలిపోతాయి. పాత ఆయిల్లో ఇంధనం కాలినప్పుడు పుట్టిన ఆమ్లాలు కూడా ఉంటాయి. అందుకని ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు విప్పి ఉంచే సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గులు లేకపోతే సిలిండర్లో ఒత్తిడి పెరగదు కాబట్టి బేరింగుల మీద బరువు పడదు, పంపు మాత్రం ఆయిల్‌ను పైదాకా ఎక్కిస్తుంది. ప్రెషర్ గేజి ముల్లు లేచేదాకా ఇదే పని. పాత ఇంజన్లలో క్యామ్ మీద రాసుకుంటూ కదిలి వాల్వులను నెట్టే చదును టాపెట్లకు ఆయిల్లోని జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనమే కవచం. పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఉండాలని కొత్త ఆయిళ్లలో దాన్ని తగ్గించేశారు. 2004లో వచ్చిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్ఎం ప్రమాణం, పల్చని గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని హద్దు పెట్టింది. ఖరీదైన ఆధునిక ఆయిలే పాత ఇంజన్‌కూ మంచిదనుకోవడం అందుకే పొరపాటు.

"మేం అప్పుడప్పుడూ ఓ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాళ్లం" అని కొందరు భరోసా ఇస్తారు. అది విన్నప్పుడు నాకు ఇంకా భయం వేస్తుంది. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తయారయ్యే నీరది. లాంగ్ డ్రైవ్‌లో అది ఆవిరిగా బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ గానీ ఆయిల్ గానీ తగినంత వేడెక్కవు. నీరంతా లోపలే చల్లబడి నిలుస్తుంది.

ఇప్పుడు పెట్రోల్. ఒక్క పేరే ఉన్నా అది ఒక్క పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లటి ఇంజన్‌ను అంటించే తేలికపాటివి ముందుగా ఎగిరిపోతాయి. ఓలిఫిన్లనే చురుకైన అణువులు ఆక్సిజన్‌తో కలిసి, క్రమంగా ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతాయి. ట్యాంకు మూత తీయగానే వార్నిష్ వాసన కొడితే ఆ పెట్రోల్ పనికిరాదని తేల్చుకోవచ్చు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఇంకో చిక్కుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్లో నీరు సుమారు అర శాతం చేరేసరికి ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున వేరే పొరగా దిగుతాయి. పంపు మొదట లాగేది ఆ అడుగు పొరనే. ఇనుప ట్యాంకు లోపలి తుప్పు కూడా దాంతోపాటే వస్తుంది. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకు గొట్టం విప్పేసి, చిన్న డబ్బాలోంచి తాజా పెట్రోల్ అందించడం తెలివైన పద్ధతి.

కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోల్ ఆవిరైపోయి గోధుమరంగు జిగురు మిగులుతుంది. గిన్నెలో తేలే ఫ్లోటు పైకి లేచినప్పుడు మూసుకోవాల్సిన సూది వాల్వు ఆ జిగురులో ఇరుక్కుంటే పెట్రోల్ ఆగదు, పొంగి వేడి సైలెన్సర్ గొట్టాల మీదికి కారుతుంది. మంటలకు అంతకన్నా ఏం కావాలి? బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా కనిపించే ఎస్‌యూ కార్బ్యురేటర్‌కు ఒక చక్కని పరీక్ష ఉంది. పైనున్న డ్యాంపర్ తీసేసి, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వేలు పెట్టి లోపలి పిస్టన్‌ను పైకెత్తి వదలాలి. అది నునుపుగా జారి, అడుగున టక్కుమని శబ్దం చేస్తే బాగున్నట్టు. మధ్యలో తటపటాయించినా, చప్పుడు లేకుండా ఆగిపోయినా విప్పి కడగాల్సిందే. కార్బ్యురేటర్‌కు బదులు బాష్ కంపెనీ కే-జెట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న కార్లకు ఇంత సులువు లేదు. 1973 నుంచి వాడకంలోకి వచ్చిన ఈ పద్ధతిలో ఇంధనాన్ని పంచే సన్నని ప్లంజర్‌కు, దాని గదికి మధ్య ఖాళీ బహు స్వల్పం. పిసరంత జిగురు చాలు, అది పట్టేస్తుంది.

విద్యుత్ సంగతి ఒక్కటే చెబుతాను. 1960ల నడిమి దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపేది బ్యాటరీ నెగటివ్ కాదు, పాజిటివ్. ఎంజీబీ కూడా 1967 దాకా అంతే. అలవాటు కొద్దీ తిరగేసి తగిలిస్తే, చార్జింగ్ వ్యవస్థకో రేడియోకో మూడినట్టే.

తుప్పు మీద ఒక పాత ప్రయోగం చెప్పుకోవాలి. 1920, 30లలో వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గాలిలో సాపేక్ష తేమ 60 శాతం ప్రాంతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుందని చూపాడు. మస్లిన్ గుడ్డ పంజరంలో పెట్టిన ఇనుప ముక్క, బయట పెట్టిన దానికన్నా ఎంతో శుభ్రంగా ఉండిపోయింది. గుడ్డ తేమను ఆపలేదు, ధూళిని ఆపింది. ఆ ధూళి కణాలే తేమను, ఆమ్లాలను పట్టి ఉంచి తుప్పుకు మొలక వేస్తాయి. గాలి ఆడే గుడ్డ కవరు ధూళిని ఆపుతూనే చెమ్మను ఆరనిస్తుంది కాబట్టి, దాన్ని కప్పి ఉంచిన కారు ప్లాస్టిక్ పట్టా కింద ఉన్న కారు కన్నా మెరుగ్గా ఉంటుంది. పట్టా కింద రాత్రి చల్లబడిన లోహం మీద పేరుకున్న చెమ్మ ఆరదు. పైన పెయింటు మెరుస్తున్నా డోరు కింది పెట్టె భాగాల్లో స్క్రూడ్రైవర్ మొన దిగిపోతే, ముందు అక్కడ ఆగాలి. ఈ-టైప్ లాంటి కార్లకు విడిగా ఛాసీ చట్రం లేదు, బరువు మోసేది ఆ రేకులే. అయితే ధూళికే విలువ వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బయటపడ్డ బైయోన్ కుటుంబపు పాత కార్ల సేకరణలో పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను 2015 వేలంలో, ఆ దుమ్ము దులపకుండానే అమ్మారు. ధర కోటీ అరవై లక్షల యూరోలు దాటింది.

టైర్ల దగ్గర బేరం లేదు. 2000 నుంచి తయారైన టైరు పక్క గోడ మీదున్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం చెబుతాయి. 2309 అంటే 2009లో 23వ వారం. అక్కడ మూడే అంకెలుంటే ఆ టైరు పోయిన శతాబ్దానిది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసి పారేయాలి. గాలిలోని ఓజోన్ రబ్బరు గొలుసులను తెంచేసి ఉంటుంది, ఆక్సిజన్ మిగతాదాన్ని పెళుసుగా మార్చి ఉంటుంది.

అసలు మొదట ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సింది బ్రేకులు. ఇంజన్ మొరాయిస్తే కారు కదలదు, అంతే. బ్రేకు మొరాయిస్తే ఆగదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. నిలిపి ఉంచిన చోట పెడల్ తొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది. దిగుడు రోడ్డు మీద వేడెక్కాకే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకు తగులుతుంది. 1960ల కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ ఒకే బ్రేకు సర్క్యూట్. ఒక్క గొట్టం చిట్లితే మొత్తం పోయినట్టే.

మొదటి చుట్టు చిన్నదిగా, నెమ్మదిగా, హ్యాండ్ బ్రేకు పనిచేస్తోందని చూసుకున్నాక వేయాలి. తిరిగొచ్చాక ఒక్కో చక్రం దగ్గర అరచేయి తాకించకుండా కాస్త దూరంగా పెట్టి వేడి చూడాలి. ఒక్క చక్రమే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే, దోషం బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌దేనని చాలామంది దాన్నే విప్పుతారు. చాలాసార్లు దొంగ రబ్బరు గొట్టం. బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోయి, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిస్తుంది, వదిలాక వెనక్కి రానివ్వదు. ఎయిర్ తీయడానికి చక్రం దగ్గరుండే బ్లీడ్ నిపుల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం స్వేచ్ఛగా తిరిగితే, ఒత్తిడి ఎక్కడో ఇరుక్కుందని రూఢి. ముందు అనుమానించాల్సింది గొట్టాన్నే. గొట్టాలన్నీ మార్చి, ఎయిర్ తీసి, ఆయిల్ నింపాకే రెండో చుట్టు.