మావాడే అన్నాక అడిగేదెవరు?

తప్పిపోయిన పిల్లాణ్ణి నేనేనంటూ ఒక కుటుంబంలో చేరిన మోసగాడి నిజ కథ 'ది ఇంపోస్టర్' డాక్యుమెంటరీ. అది చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే: సొంత మనుషులు ఎలా పోల్చుకోలేకపోయారు? బరంపురంలోనూ అదే మాట. కానీ సూరత్ పవర్‌లూమ్‌లకు లక్షల మందిని పంపిన గంజాం జిల్లాలో ఉంటూ, ఆ కుటుంబాన్ని అంత తేలిగ్గా తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఫోన్లు ఆగిపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లికి 'దొరికాడు' అన్న కబురు చాలు, మిగతావేవీ బుర్రకెక్కవు.

1994 జూన్‌లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 13 ఏళ్ల అబ్బాయి కనిపించకుండా పోయాడు. 1997 అక్టోబరులో స్పెయిన్‌లోని లినారెస్‌లో 'ఆ పిల్లాణ్ణి నేనే' అన్నవాడు ఫ్రెడరిక్ బూర్దాన్, 23 ఏళ్ల ఫ్రెంచివాడు. అబ్బాయివి నీలి కళ్లు, ఇతనివి గోధుమరంగువి. జుట్టుకు రంగు వేసుకున్నాడు, అబ్బాయికి ఉన్నలాంటి పచ్చబొట్లు పొడిపించుకున్నాడు, ఎత్తుకుపోయినవాళ్లు మందు పోసి కళ్ల రంగు మార్చేశారని కథ అల్లాడు. అక్క వెళ్లి చూసి మా తమ్ముడే అంది. అమెరికా అధికారులు పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంటివాళ్లు ఆశ కొద్దీ నమ్మారు సరే, ఆఫీసువాళ్లకేమైంది? వేలిముద్రలు అప్పుడే తీసుకుని ఉంటే కథ స్పెయిన్‌లోనే ముగిసేది.

దాదాపు ఐదు నెలలు అతను ఆ కుటుంబంతోనే ఉన్నాడు. చార్లీ పార్కర్ అనే ప్రైవేటు డిటెక్టివ్ పిల్లాడి పాత ఫొటోలో చెవుల్నీ ఇతని చెవుల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ కలవలేదు. 1998లో బూర్దాన్‌కు ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

దేశ విభజనకు ముందు బెంగాల్‌లో ఇలాంటి గొడవే భావల్ సన్యాసిది, తీర్పు మాత్రం రివర్స్. 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడనుకున్న భావల్ ఎస్టేట్ రెండో కుమార్‌ను (జమీందారు రెండో కొడుకును) నేనేనని 1921లో ఒక సన్యాసి బయటపడ్డాడు. ఆ ఇంటి ఆడపడుచు మావాడే అంది, భార్య కాదు పొమ్మంది. డీఎన్‌ఏ లేని రోజులు. చీలమండ మీది మచ్చ, పాదాల గరుకు చర్మం, వెయ్యి మందికి పైగా సాక్షులు, ఇవే ఆధారం. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసిన 1936లోనే ఢాకా కోర్టు ఆ సన్యాసే కుమార్ అని తేల్చింది. 1946లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి చివరి అప్పీలు కోర్టు, దాన్నే ఖాయం చేసింది.

బార్ట్ లేటన్ 2012లో తీసిన 'ది ఇంపోస్టర్'కు బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. పనితనంలో వంక పెట్టలేం. అయితే కెమెరాలోకి సూటిగా చూస్తూ బూర్దాన్ చెప్పుకునే గొప్పలకు ఇచ్చిన నిడివిలో సగమైనా తప్పిపోయిన పిల్లాడికి ఇవ్వాల్సింది. అతని ఆచూకీ ఇప్పటికీ తెలియలేదు.