కొరడా అసలు పనితనం లోపలే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టూవూంబాలో ఉంటాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు తోలు పని. పదకొండేళ్ళ నుంచి స్టాక్‌విప్‌లు అల్లుతున్నాను. గుర్రాల మీద తిరుగుతూ పశువుల మందలు తోలేవాళ్ళు ఇక్కడ వాడే పొడవాటి కొరడా అది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్టీవ్ జెఫ్రీస్ అనే రౌతు ఒక్కడే మైదానంలోకి దూసుకొచ్చి, గుర్రాన్ని వెనక కాళ్ళ మీద లేపి, కొరడా ఛెళ్ళుమనిపించాడు. ఆ చేతిలో ఉన్నది స్టాక్‌విప్పే.

మాది నల్లగొండ వైపు పల్లె. మా తాత తోళ్ళు పదును చేసే లంద నడిపాడు. మోట బొక్కెనలు, చెప్పులు, ఎడ్లబండి తోలేవాళ్ళకి చర్నాకోలలు చేసేవాడు. అందుకేనేమో, ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక జాతరలాంటి షోలో కొరడాలు అల్లే ముసలాయన్ని చూసి అక్కడే రెండు గంటలు నిలబడిపోయాను. ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఈ మధ్య మనవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఒకరు నాటకానికి, ఒకరు సరదాగా నేర్చుకోవడానికి, ఒకరు గోడకి తగిలించుకోవడానికి. అడిగేవాళ్ళ మనసులో ఉండే తప్పు అభిప్రాయాలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పాయలు ఎన్ని ఎక్కువుంటే కొరడా అంత మంచిది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టేది ఇదే. పోయినేడు బ్రిస్బేన్ నుంచి ఒక తెలుగబ్బాయి పదహారు పాయల కొరడా పట్టుకొచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడట. "అన్నా, ఎంత విసిరినా మోగట్లేదు, నాకే చేతకావట్లేదా?" అన్నాడు. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. పిడి దగ్గర ఎంత లావుందో నడిమికి వచ్చేసరికి కూడా అంతే లావుంది, కొస దగ్గర మాత్రం ఒక్కసారిగా సన్నబడింది. అతన్ని అడిగి, అతని ముందే అల్లిక విప్పాను. లోపల ప్లాస్టిక్ తాడు, దాని చుట్టూ టేపు. పైన మాత్రం చక్కటి పదహారు పాయల జడ. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. పాపం, ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను.

మంచి కొరడా లోపల ఏముంటుందో చెప్తాను. నడిమధ్య ఒక సన్నటి తోలు వారు, అంటే తోలు పట్టీ, అది కొసకు పోయేకొద్దీ సూదిలా అవుతుంది. దాని మీద నాలుగు పాయల అల్లిక. దీన్ని ఇక్కడ బెల్లీ అంటారు. అది కొరడా పొడవులో సగానికి ముందే ఆగిపోతుంది. దాని మీద పల్చటి తోలు ముక్క చుట్టి దారంతో బిగిస్తాం, అది బోల్‌స్టర్. ఆ పైన ఇంకో అల్లిక, ఈసారి ఆరో ఎనిమిదో పాయలు, ఇంకాస్త దూరం పోతుంది. మళ్ళీ ఒక బోల్‌స్టర్. ఇవన్నీ అయ్యాక మీ కంటికి కనపడే పన్నెండు పాయల పై అల్లిక. అంటే మీరు కొనే ఒక కొరడాలో మూడు కొరడాలు ఒకదానిలో ఒకటి దాక్కుని ఉంటాయి. ఒక్కో పొర ఒక్కోచోట ఆగిపోతుంది కాబట్టి, మొదలు నుంచి కొస దాకా ఎక్కడా మెట్టు లేకుండా సన్నబడుతుంది. బరువు కూడా అలాగే తగ్గుతుంది.

నాలుగు పాయలదైనా లోపల ఇంత పని ఉంటే తుపాకీలా మోగుతుంది. లోపల ఏమీ లేకపోతే ఇరవై నాలుగు పాయలు అల్లినా అలంకారానికే.

విప్పకుండా ఎలా తెలుస్తుంది? పిడి పట్టుకుని కొరడాను అడ్డంగా చాపి, దాని బరువుకి దాన్ని వంగనివ్వండి. ఆ వంపు చెరువు గట్టులా నున్నగా దిగాలి. ఒకచోట విరిగినట్టు కుంగిందంటే అక్కడ లోపలి అల్లిక తెగినట్టు ఆగిపోయిందని అర్థం. తర్వాత రెండు వేళ్ళ మధ్య పెట్టి కొస దాకా నిమురుతూ రండి. మెత్తటి గుంటలు, గట్టి బుడిపెలు తగలకూడదు.

అపోహ: తోలు మందంగా ఉంటేనే గట్టి.

చెప్పులకి, మోట బొక్కెనకి నిజమే. అల్లికకి కాదు. ఇక్కడ కొరడాలకు వాడేది కంగారూ తోలు. మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, అంతే. అయినా నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు వారు కోసి శక్తికొద్దీ లాగితే ముందు నా వేళ్ళు తెగుతాయి. కంగారూ చర్మంలో పీచు పైపొరకి సమాంతరంగా, ఒత్తుగా పడుకుని ఉంటుంది. ఆవు తోలులో పీచు పైకీ కిందికీ అడ్డదిడ్డంగా పోతుంది. అందుకే ఆవు తోలును చీల్చి పల్చన చేస్తే బలం బాగా తగ్గిపోతుంది, కంగారూ తోలు పల్చగా ఉన్నా బలం నిలబెట్టుకుంటుంది.

కోత దగ్గరే సగం విద్య ఉంది. ఒక చర్మాన్ని చుట్టూ తిరుగుతూ, జిలేబీ చుట్టలాగా ఒకే వారుగా కోస్తాం. ఆరడుగుల జడ కావాలంటే ఒక్కో పాయ తొమ్మిది అడుగులైనా ఉండాలి, అల్లికలో అంత మింగేస్తుంది. వెన్ను దగ్గర తోలు బిగువుగా ఉంటుంది, పొట్ట దగ్గర సాగుతుంది. కోసిన ప్రతి వారునూ లాగి, సాగాల్సినంత సాగదీసి, మళ్ళీ వెడల్పు సరిచేస్తాను. అది చేయకుండా అల్లితే ఆర్నెల్లలో కొన్ని పాయలు వదులై పైకి లేస్తాయి. ఆ తర్వాత ఒక్కో వారుకున్న రెండు అంచులనూ ఏటవాలుగా చెక్కాలి, అప్పుడే ఒకదాని మీద ఒకటి అతుక్కుని కూర్చుంటాయి. సబ్బు, గొర్రె కొవ్వు, నీళ్ళు కలిపి కాచిన ముద్ద రాసుకుంటూ అల్లుతాం. మా గది అంతా ఆ వాసనే. చివర్న రెండు చెక్కల మధ్య పెట్టి దొర్లిస్తే జడ గుండ్రంగా తేరుతుంది. ఆరడుగుల కొరడాకి నాకు రెండు చర్మాలు, మూడు వారాంతాలు పడతాయి. ధర ఎందుకంత అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. కాలిఫోర్నియాలో 2016 నుంచి కంగారూ తోలు వస్తువుల అమ్మకం మళ్ళీ నిషేధం. అక్కడివాళ్ళు ఆవు తోలుదో నైలాన్‌దో చూసుకోవాలి. కంగారూలను పెంచి చంపుతారని కూడా కొందరు అనుకుంటారు. అవి అడవి జంతువులు, ప్రభుత్వం ఏటా పెట్టే కోటా ప్రకారం వేటాడతారు. అది ఇష్టం లేనివాళ్ళు కొనకపోవడాన్ని నేను గౌరవిస్తాను.

అపోహ: తోలు తోలుకు తగిలితే ఆ చప్పుడు వస్తుంది.

కొరడా దేన్నీ తాకనక్కర్లేదు. కొస గాలిలో ధ్వని వేగాన్ని దాటినప్పుడు పుట్టే చిన్న పిడుగు అది. ఇరవై డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 1958లోనే అమెరికాలో హైస్పీడ్ ఫొటోలు తీసి ఈ సంగతి తేల్చారు. 2002లో అలైన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలెన్ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు, కొరడా పొడవునా పరిగెత్తే వంపు ఆ చప్పుడుకి మూలమని లెక్క కట్టి చూపించారు. చేత్తో విసిరినప్పుడు ఒక మెలిక పుడుతుంది. కొరడా సన్నబడుతూ, బరువు తగ్గుతూ పోయేకొద్దీ ఆ మెలిక వేగం పెరుగుతుంది. నేను లోపలి అల్లిక గురించి అంతసేపు చెప్పింది ఇందుకే. లోపల మెట్టు ఉందంటే మెలిక అక్కడే తడబడుతుంది, ఊపు అక్కడే పోతుంది.

బోనాల్లో పోతరాజు చేతిలోని ఈరకోల తాడుతో పేనినదైనా ఛెళ్ళుమంటుంది. మొదలు లావు, కొస సన్నం అనే సూత్రం దానిలోనూ ఉంది.

కొసకు కట్టే దారపు కుచ్చును ఇక్కడ క్రాకర్ అంటారు. నైలాన్, పాలిస్టర్, పట్టు దేనితోనైనా పేనవచ్చు, పూర్వం గుర్రం వెంట్రుకలతో పేనేవాళ్ళు. దాని పైనుండే ఒంటి తోలు వారు ఫాల్. ఇవి రెండూ అరిగిపోవడానికే ఉన్నాయి. ఫాల్ తెగిందని కొరడా పాడైందనుకుని మూల పడేసినవాళ్ళని చూశాను. బాధేస్తుంది. పది నిమిషాల పని అది. క్రాకర్ లేకుండా విసరడం మాత్రం వద్దు, ఫాల్ కొస పీచులు పీచులుగా ఊడిపోతుంది.

ఇంకొకటి. అంత వేగంతో వచ్చే కొస కంటికి తగిలితే కన్ను పోతుంది. కళ్ళద్దాలు, అంచున్న టోపీ, నిండు చేతుల చొక్కా లేకుండా నా దగ్గర ఎవరికీ కొరడా ఇవ్వను.

అపోహ: పొడవు ఎక్కువుంటే మొనగాడి కొరడా.

నేర్చుకునేవాళ్ళకి ఆరడుగులు చాలు. ఎనిమిది, పదడుగులది చెయ్యి నొప్పి తెప్పిస్తుంది, తిరిగొచ్చి వీపు మీదే పడుతుంది. కొనేటప్పుడు కొలత ఎక్కణ్ణుంచి ఎక్కడికో అడగండి. స్టాక్‌విప్‌కి పిడి విడిగా ఉంటుంది, తోలు ఉంగరాలతో జడకు తగిలిస్తారు. అందుకే పిడిని లెక్కలో వేయరు. బుల్‌విప్ అనే ఇంకో రకం కొరడాకి పిడి, జడ ఒకటే అల్లిక, కాబట్టి పిడి నుంచే కొలుస్తారు. రెండింటి మీదా ఆరడుగులని రాసి ఉన్నా చేతిలో పడ్డాక తేడా తెలుస్తుంది.

అపోహ: నిజమైన తోలు అని ముద్ర ఉంటే చాలు.

ఏ తోలు అన్నది ఒకటి, ఎలా పదును చేశారన్నది ఇంకొకటి. క్రోమ్‌తో, అంటే క్రోమియం లవణాలతో, పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది, సంచులకీ చొక్కాలకీ బాగుంటుంది. అల్లికలో మాత్రం రబ్బరులా సాగుతుంది, అంచు చెక్కబోతే కత్తి కింద ముడుచుకుంటుంది. కొరడాకి చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. ఆస్ట్రేలియాలో అందుకు వాటిల్ చెట్టు బెరడు పేరుమోసింది. మన దగ్గర తంగేడు చెక్క. మద్రాసు రేవు నుంచి ఒకప్పుడు ఇంగ్లండుకు ఓడలకెక్కిన తోళ్ళు తంగేడుతో పదును చేసినవే. మా తాత గోళ్ళకి ఆ రంగు చచ్చేదాకా పోలేదు.

తేడా కనిపెట్టడం సులువు. కోసిన అంచు చూడండి. బెరడు తోలు మధ్యలో కూడా గోధుమ రంగే ఉంటుంది, క్రోమ్ తోలు నడిమిన తరచూ నీలం బూడిద రంగు గీత కనిపిస్తుంది. రంగు మరీ లోపలికి దిగితే ఈ గుర్తు దొరక్కపోవచ్చు. అప్పుడు చిన్న తునక కాల్చి చూడండి, క్రోమ్ తోలు బూడిద ఆకుపచ్చగా తిరుగుతుంది.

అపోహ: ఎంత నూనె పట్టిస్తే అంత మన్నిక.

మనవాళ్ళు ప్రేమ కొద్దీ చేసే తప్పు ఇది. ఒకావిడ కొడుకు కొరడాకి వారం వారం కొబ్బరినూనె రాసింది. ఏడాదిలో అది వడలిన తోటకూర కాడలా అయింది. పీచు మధ్య నూనె నిండిపోతే పాయలు జారి సాగుతాయి, బిగువు పోతుంది. వంటనూనెలు కొన్నాళ్ళకు ముక్కిపోయి కంపు కొడతాయి కూడా. అల్లేటప్పుడు పట్టించిన కొవ్వే జడకి చాలాకాలం వస్తుంది. తోలుకి వాడే మైనం కలిసిన లేపనం ఏడాదికి ఒకటి రెండుసార్లు, వేలికొసతో రాసి గుడ్డతో తుడిచేస్తే చాలు. ఫాల్‌కి మాత్రం తరచుగా రాయాలి, నేల మీద పడి దెబ్బలు తినేది అదే.

తడిస్తే గుడ్డతో ఒత్తి, నీడన గాలికి ఆరబెట్టండి. ఎండలో, హీటర్ ముందు పెడితే తడి తోలు ముడుచుకుపోయి చెక్కలా అవుతుంది, మళ్ళీ దారికి రాదు. మన ఊళ్ళ వానాకాలంలో పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టొద్దు, బూజు పడుతుంది. పెద్ద చుట్టగా చుట్టి గాలి తగిలేచోట తగిలించండి.

అపోహ: నైలాన్ కొరడా నకిలీ.

కాదు. వానలో, బురదలో నేనూ నైలాన్‌దే వాడతాను. కొత్తవాళ్ళకి ముందు అదే కొనమంటాను. తోలుతో పోలిస్తే తేలిక కాబట్టి లోపల సరిగ్గా బరువు పెట్టి అల్లినది చూసుకోండి.

అపోహ: కొరడా ఉన్నది పశువుని కొట్టడానికి.

నాకు నేర్పిన ముసలాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. కొరడా పశువుకి తగిలిందంటే తోలేవాడికి పని రాదని. మంద ఎటు పోకూడదో అటువైపు గాలిలో చప్పుడు చేస్తారు, పశువులు ఇటు తిరుగుతాయి. మా ఊళ్ళో మంచి బండివాళ్ళు కూడా చర్నాకోలను ఎద్దు చెవి పక్కన ఆడించేవాళ్ళు, అంతే. ఇక ముల్లుగర్ర సంగతి. కొస మొనతో పశువును పొడవడం మన దేశంలో 1965 నాటి నిబంధనల ప్రకారమే నిషేధం. అయినా ఇంకా కనపడుతుంటుంది. దాన్ని ఎవరు సమర్థించినా నాకు కోపం వస్తుంది.

అపోహ: తోలు పని చదువు లేనివాళ్ళ పని.

ఇది మా ఇంట్లో నేను విన్నదే. మా నాన్న నన్ను చదివించిందే ఈ పని మా గడప దాటి పోవాలని. ఆయన పడిన అవమానాలు అలాంటివి, ఆయన్ని నేను తప్పు పట్టను. ఇక్కడ జాతర షోల్లో కొరడా అల్లికకి పోటీలు పెడతారు, గెలిచినవాటికి రిబ్బన్లు కడతారు. న్యాయనిర్ణేతలు అల్లిక కన్నాల వరస, పాయలు తగ్గించినచోటు, వంపు అన్నీ వేళ్ళతో తడిమి చూస్తారు. మా నాన్న ఒకసారి వచ్చి అది చూశాడు. ఏమీ అనలేదు. ఊరెళ్ళాక అటక మీది గోనెసంచిలోంచి తాత తోలు గుచ్చే ఆరె, తోలు కోసే రంపె తీయించి, పార్సిల్ చేసి పంపాడు.

రంపె నా బల్ల మీదే ఉంటుంది. కంగారూ తోలుకి అది మరీ మోటు. ఆవు తోలు ఫాల్ కోయడానికి మాత్రం ఇప్పటికీ అదే వాడుతున్నాను.