సీసాలోని మందు ఎక్కడిదాకా వెళ్తుంది?

చెన్నై జీపీ రోడ్డులో స్పేర్ పార్టుల కొట్లలో ఇంధనంలోనో ఇంజిన్ ఆయిల్‌లోనో కలిపే మందుల సీసాలు వరసగా కనిపిస్తాయి: పెట్రోల్ ఇంజెక్టర్ క్లీనర్, డీజిల్ సిస్టమ్ క్లీనర్, ఆక్టేన్ బూస్టర్, ఇంజిన్ ఫ్లష్. కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు కూడా బిల్లు రాసేముందు "ఇది కూడా వేయమంటారా సార్?" అని అడుగుతారు. వీటిలో కొన్ని నిజంగా పనిచేసే రసాయనాలే. అయితే ఏ మందైనా తాను తాకిన చోటే పనిచేస్తుంది. కొనేముందు తేల్చుకోవలసింది మురికి ఎక్కడ పట్టిందో, సీసాలోది అక్కడికి చేరుతుందో లేదో.

మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావరకు ఎంపీఎఫ్ఐ (మల్టీపాయింట్ ఫ్యూయెల్ ఇంజెక్షన్) రకం. వీటిలో ఇంజెక్టర్ 3, 4 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వు వీపు మీదకి పెట్రోలు చిమ్ముతుంది. ఇంజిన్ ఆపేశాక కూడా ఆ చుట్టుపక్కల వేడి చాలాసేపు పోదు. ఇంజెక్టర్ మూతి దగ్గర మిగిలిన తడిలో తేలిక భాగం ఆవిరైపోయి, బరువైన భాగం వార్నిష్‌లా అంటుకుంటుంది. షోళింగనల్లూరులో ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం కూరగాయలకి రెండు కిలోమీటర్లు తిరిగే కారులో ఈ పొర తొందరగా పేరుకుంటుంది, ఎందుకంటే ప్రతిసారి ఆపినప్పుడూ కాస్త కాస్త అంటుతూనే ఉంటుంది. వాల్వు వీపు మీద ఆయిల్ ఆవిరి కూడా చేరి బొగ్గులా గట్టిపడుతుంది. సన్నని తుంపరగా పడాల్సిన పెట్రోలు ధారగా పడితే పొద్దున స్టార్ట్ చేయగానే వణుకు, సిగ్నల్ దగ్గర ఆర్పీఎం ఊగడం, యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్క క్షణం తడబాటు కనిపిస్తాయి.

ఈ మురికికి సరైన మందు పాలీఈథర్ అమీన్, పీఈఏ. దీని అణువుకి ఒక కొస మురికిని పట్టుకుంటుంది, రెండో కొస పెట్రోలులో కరుగుతుంది. సబ్బు జిడ్డును నీళ్లలోకి లాక్కుపోయే పద్ధతే ఇది. దహన గదిలోని వేడికి తట్టుకుంటుంది కనుక పిస్టన్ తల మీది మసిని కూడా కొంత వదిలిస్తుంది. పాత రకం మందు పీఐబీఏ (పాలీఐసోబ్యూటిలీన్ అమీన్) వాల్వులని బాగానే కడుగుతుంది గానీ, మోతాదు మించితే దహన గదిలో తన అవశేషాన్నే మిగులుస్తుంది. సీసా మీద పీఈఏ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. ఆక్టేన్ బూస్టర్ పెట్రోలు తొందరపడి పేలకుండా ఆపడానికి వేసేది, శుభ్రం చేసే మందు కాదు. వాటిలో మాంగనీసు, ఇనుము ఆధారంగా చేసినవి ఉంటాయి. అవి కాలగా మిగిలిన ఎర్రటి పొర స్పార్క్ ప్లగ్గుల మీద కూర్చుని మిస్‌ఫైర్ తెప్పిస్తుంది, ఆక్సిజన్ సెన్సార్‌నీ చెడగొట్టవచ్చు.

వేసే పద్ధతి తెలియక చాలామంది మంచి మందుని వృథా చేస్తారు. ట్యాంకు నింపించి పైన పోసేస్తే సరిగ్గా కలవదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, బంకులో ముందు మందు పోసి, తర్వాత పెట్రోలు నింపించాలి. ఆ పోటుకి అదే కలుస్తుంది. 300 మి.లీ. సీసా 60 లీటర్లకి అని రాసి ఉంటే లీటరుకి 5 మి.లీ. లెక్క. 35 లీటర్ల ట్యాంకుకి 175 మి.లీ. చాలు, 12 లీటర్ల బైకుకి 60. మూత దగ్గర ఒలికితే వెంటనే తడిగుడ్డతో తుడవాలి, పెయింటు మరక పడుతుంది. ఆ ట్యాంకు అంతా అయిపోయేలోగా మళ్లీ మళ్లీ కొట్టించుకుంటూ పలుచన చేయకూడదు. నెల్లూరు వెళ్లొచ్చే వారాంతం చూసుకుని వేస్తే ఇంకా మేలు: రానూపోనూ సుమారు 350 కి.మీ., ఇంజిన్ గంటల తరబడి బాగా వేడి మీద ఉంటుంది. మందులో కొంత పిస్టన్ రింగులని దాటి ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి, ఆయిల్ మార్చాల్సిన సమయానికి కాస్త ముందు ట్యాంకులో వేసి, అది అయ్యాక ఆయిల్ మార్పించాలి. రెండు ట్యాంకులు కాల్చినా వణుకు తగ్గకపోతే మూడో సీసా కొనకండి. ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గు, ఇన్‌టేక్‌లో గాలి లీకు చూపించండి.

జీడీఐ ఇంజిన్లలో లెక్క మారుతుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, ఇన్‌టేక్ వాల్వుని తాకనే తాకదు. ట్యాంకులో ఎంత ఖరీదైన మందు పోసినా ఇంజెక్టర్ మూతి, దహన గది వరకే. వాల్వు మీద పేరుకున్న బొగ్గు పోవాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టాల్సిందే. టర్బో ఉన్న ప్రతి పెట్రోల్ కారూ జీడీఐ కాదు, మాన్యువల్ చూసి తెలుసుకోండి.

ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందని మందు వేసేవాళ్లున్నారు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21 మాత్రమే. 20 శాతం కలిపితే లీటరు శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఏ సీసా ఆ శక్తిని తెచ్చిపెట్టలేదు. ఇథనాల్‌తో అసలు జాగ్రత్త పడాల్సింది నీటి విషయంలో. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది, హద్దు దాటగానే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి. పంపు పీల్చేది ఆ అడుగునే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వేళచ్చేరి, పళ్లిక్కరణై వైపు మునిగినట్టు మీ బండి మునిగితే, తాళం తిప్పకుండా ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి. ఒకసారి విడిపోయిన పెట్రోలుని ఏ స్టెబిలైజరూ మళ్లీ కలపదు.

డీజిల్ సంగతికొస్తే, 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ప్రకారం గంధకం 10 పీపీఎం లోపు, సీటేన్ సంఖ్య (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత) కనీసం 51. గంధకం తీసేటప్పుడు డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడుగుణం కూడా తగ్గుతుంది. దాన్ని నిలిపే మందుని బంకుకి రాకముందే కలుపుతారు. అందువల్ల లూబ్రిసిటీ పేరుతో అమ్మే సీసా మామూలు కారుకి పెద్ద అవసరం లేదు. చలికి డీజిల్ గడ్డకట్టకుండా వేసే మందు చెన్నైలో శుద్ధ దండగ. డిటర్జెంట్ ఉన్న ఇంజెక్టర్ క్లీనర్‌కి మాత్రం విలువుంది: ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, అంటే కామన్ రైల్‌లో 1,600 నుంచి 2,000 బార్ల ఒత్తిడి, లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో. అక్కడ సన్నని పొర పేరుకున్నా ఇంజెక్టర్ సూది కదలిక మందగిస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో లోహాలున్న మందు వేయకూడదు. మసి 600 డిగ్రీల దగ్గర కాలిపోతుంది, లోహపు బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

అపార్టుమెంటు జనరేటర్ల డీజిల్ నెలల తరబడి కదలదు. అడుగున చేరిన నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగురు కడుతుంది. ముందు అడుగునున్న నీరు తీయించి, తర్వాత బయోసైడ్ (సూక్ష్మజీవులని చంపే మందు) వేయాలి. చచ్చిన జిగురంతా ఫిల్టర్‌లోకే వస్తుంది, కొత్త ఫిల్టర్లు రెండు దగ్గర పెట్టుకునే ఆ పనికి దిగాలి.

ఇంజిన్ ఆయిల్‌లో కలిపే మందుల గురించి చెప్పాల్సింది తక్కువ. మంచి ఆయిల్‌లో డిటర్జెంట్లు, అరుగుదల ఆపే రసాయనాలు కొలత ప్రకారం కలిపే ఉంటాయి. పైనుంచి ఇంకొకటి పోస్తే ఆ పొందిక చెడుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగి, లోపల బురద కట్టిన ఇంజిన్‌కి ఒకేసారి ఘాటైన ఫ్లష్ కొడితే ఊడిన ముద్దలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. బేరింగులకి ఆయిల్ అందక పట్టేస్తాయి. అలాంటి దానికి మామూలు ఆయిలే సగం గడువుకి రెండు మూడుసార్లు మార్చడం మంచిది. ఇక బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, అందుకే డబ్బా మీద జాసో ఎంఏ2 (అలాంటి క్లచ్‌కి సరిపడే ఆయిల్ అనే గుర్తు) అని చూస్తాం. రాపిడి తగ్గించే మందు అందులో పోస్తే క్లచ్ జారుతుంది: ఆర్పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. వెంటనే ఆ ఆయిల్ తీసేసి, కొత్తది పోసి కొంత తిప్పి, మళ్లీ మార్చాలి. అప్పటికీ జారితే ప్లేట్లు మార్చుకోవాల్సిందే.