గుజ్జు అరిగిన మోకాలికి కుర్చీ వైద్యం

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందమ్మా" అని ఎక్స్‌రే చూసిన డాక్టరు అన్నారంటే, మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొన్ని సంగతులు మారిపోతాయి. అత్తయ్య సాయంత్రం గుడికి నడిచి వెళ్లడం మానేస్తుంది. మేడ మీద బట్టలారేసే పని కోడలికి బదిలీ అవుతుంది. "ఉన్న గుజ్జునైనా కాపాడుకో వదినా, ఎక్కువ తిరక్కు" అని పక్కింటావిడ ఓ సలహా పడేసి వెళ్తుంది. ఎవరి ఉద్దేశంలోనూ తప్పులేదు. చిక్కంతా 'అరగడం' అనే మాటతోనే వచ్చింది. చెప్పు అరుగుతుంది, టైరు అరుగుతుంది, సాన మీద గంధపు చెక్క అరుగుతుంది. వాడేకొద్దీ తరిగే సరుకులవి. మోకాలు ఆ కోవలోది కాదు.

మనం గుజ్జు అంటున్నది నిజానికి గుజ్జులా ఉండదు. ఎముకల చివర్లకు తాపడం చేసినట్టు అంటుకుని ఉండే నున్నటి, గట్టి పొర అది. పేరు మృదులాస్థి, డాక్టర్ల నోట కార్టిలేజ్. దాని బరువులో ఎక్కువ భాగం నీరే. అందులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. రక్తం అందని చోటికి తిండి ఎలా చేరుతుంది? కీలు లోపలి జిగురు ద్రవం నుంచి. కాలు మోపినప్పుడు ఈ పొర నొక్కుకుని కొంత నీరు వదులుతుంది, కాలు ఎత్తగానే పోషకాలతో సహా మళ్లీ పీల్చుకుంటుంది. అంట్లు తోమే స్పాంజిని బకెట్లో పిండి వదిలితే ఏమవుతుందో అదే. అడుగు పడకపోతే దానికి అన్నం సరిగ్గా అందదన్నమాట. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదపలేని వాళ్ల మోకాళ్లను స్కాన్ చేసి చూస్తే, నెలలు గడిచేకొద్దీ మృదులాస్థి పలచబడుతోందని 2002లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. దాచుకుంటే తరిగే వస్తువది!

మృదులాస్థికి నరాలే లేనప్పుడు నొప్పి ఎక్కడిదంటారా? దాని కింది ఎముక నుంచి, కీలును చుట్టి ఉండే పొర నుంచి, చుట్టుపక్కల కండరాల నుంచి. అందుకే ఎక్స్‌రేకీ నొప్పికీ లెక్క కుదరదు. ఫిల్ములో ఎముకలు ఆనుకుపోయినట్టు కనబడినా హాయిగా తిరిగేవాళ్లున్నారు. ఫిల్ము శుభ్రంగా ఉన్నా మెట్లు దిగలేనివాళ్లూ ఉన్నారు.

పరిగెత్తితే మోకాళ్లు పోతాయన్నది ఇంకో భయం. ఎన్నో అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూస్తే, సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనబడింది. కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం. పోటీల్లో పరిగెత్తేవాళ్లలో 13.3. దీన్ని బట్టి పరుగే కీళ్లను కాపాడిందని ఒట్టేసి చెప్పలేం, కీళ్లు బాగున్నవాళ్లే పరుగుకు దిగి ఉండొచ్చు. కానీ అతికీ అసలు లేకపోవడానికీ మధ్య ఒక మోతాదు ఉందన్న అనుమానం మాత్రం బలపడుతుంది.

వ్యాయామ చికిత్స అంతా ఆ మోతాదు గురించే. నొప్పి వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గేసరికి తొడ ముందు కండరం సన్నబడుతుంది. అడుగు పడ్డప్పుడు అదురును తాను మింగి మోకాలిని కాసేది ఆ కండరమే. అది నీరసిస్తే దెబ్బంతా కీలు మీదికే వస్తుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ గిరగిరను ఎక్కడో ఒకచోట ఆపాలి. డెన్మార్క్‌లో 2013లో గ్లాడ్ అనే కార్యక్రమం మొదలైంది. రెండు మూడు పాఠాల్లో జబ్బు సంగతి వివరిస్తారు, తర్వాత ఆరు వారాల్లో 12 సార్లు ఫిజియోథెరపిస్ట్ ఎదుట కసరత్తు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. మెట్టు ఎక్కడం, దిగడం. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. యంత్రాలతో పనిలేదు. మోకాలు పాదం మీదుగా నిటారుగా వెళ్తోందా, లోపలికి వాలిపోతోందా అని చూసే కన్ను మాత్రం కావాలి.

నొప్పికి అక్కడొక కొలత పెట్టుకున్నారు. సున్నా నుంచి పది వరకు అంకెలు. రెండు దాకా పచ్చ లైటు, అయిదు దాకా పసుపు, ఆపైన ఎరుపు. పసుపులో చేసుకోవచ్చు, కాకపోతే 24 గంటల్లో నొప్పి మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే మర్నాడు కసరత్తు తగ్గించాలి, మానెయ్యడం కాదు. నొప్పి పుట్టిందంటే ఏదో చెడిపోయినట్టే అనుకునే మనకు ఇది జీర్ణం కావడం కష్టం. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వాచినా, కాలు మధ్యలో బిగుసుకుపోయినా అది వేరే వ్యవహారం, ముందు డాక్టరు చూడాల్సిందే.

మన దగ్గర ఫిజియోథెరపీ అంటే చాలామందికి "కరెంటు పెట్టించుకోవడం". పడుకుంటే వాళ్లే ఏదో చేస్తారు, హాయిగానూ ఉంటుంది. కానీ తొడ కండరాన్ని పెంచే పని ఆ మంచం మీద జరగదు.

మోకాళ్ల నొప్పి ఉన్న ఇంట్లో షుగరు మాత్రలూ తరచుగా కనబడతాయి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం కాచుకోకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. షుగరు అంచున ఉన్న 531 మందితో చెన్నైలో జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండి సర్దుకుని, నడక పెంచినవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 26.4 శాతం. రెండూ కలిపితే? 28.2.

ఇలా చెప్పానని మోకాలి మార్పిడి ఆపరేషన్ దండగని కాదు. 2015లో డెన్మార్క్‌లోనే వంద మందిని రెండు జట్లు చేసి చూశారు. ఆపరేషన్‌తో పాటు కసరత్తూ చేసినవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కసరత్తు, ఆహార సలహా, మందులతో సరిపెట్టిన యాభై మందిలో ఏడాదిలోగా ఆపరేషన్ దాకా వెళ్లింది 13 మంది. మిగతా వాళ్లు ఆ ఏడాది సొంత మోకాళ్లతోనే నెట్టుకొచ్చారు. ఆపరేషన్ చేయించుకున్నా కుర్చీ కసరత్తు తప్పదు మరి. కుట్లు ఆరకముందే ఫిజియోథెరపిస్ట్ మంచం పక్కకొచ్చి, "లేవండమ్మా, నాలుగడుగులు వేద్దాం" అంటారు.