వారంటీ తేదీ దాటాక వస్తువు పాడైతే: అపోహలు - వాస్తవాలు

షాపులో అడిగితే "కంపెనీకి ఫోన్ చేయండి" అంటారు. కంపెనీకి చేస్తే "అవుట్ ఆఫ్ వారంటీ అండీ, ఎస్టిమేట్ పంపిస్తాం" అంటారు. ఆ మాట దగ్గరే ఆగిపోయి, న్యాయంగా రావాల్సింది వదులుకునేవాళ్లున్నారు. చేతిలో ఏ ఆధారమూ లేకుండా కేసు వేసి ఏళ్ల తరబడి తిరిగేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు నష్టాలూ తప్పించుకోదగినవే.

వారంటీ అంటే కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇచ్చిన హక్కు దాని మీద ఆధారపడనిది. వారంటీలో ఉండగా వస్తువు చెడిందని చూపిస్తే చాలు, బాగుచేసి ఇవ్వాల్సిందే. తేదీ దాటాక మాత్రం అది వాడకం వల్ల అరిగి చెడలేదని, తయారీలోనే లోపం ఉందని మీరు చూపించాలి. తేడా అంతా రుజువు దగ్గరే ఉంది.

అపోహ: వారంటీ అయిపోతే కేసు వేయడానికి లేదు

చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు. సెక్షన్ 2(10) ప్రకారం చట్టం గానీ, ఒప్పందం గానీ, అమ్మేవాళ్లు చేసుకున్న ప్రచారం గానీ చెప్పిన నాణ్యతకు వస్తువు తగ్గితే అది లోపమే. ఆ నిర్వచనంలో వారంటీ తేదీ ప్రస్తావనే లేదు. ఫిర్యాదుకు గడువు సెక్షన్ 69లో ఉంది: వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ (పాత పేరు ఫోరం) మన్నించవచ్చు.

కారణం ఎప్పుడు పుట్టినట్టు? కొన్న రోజునే అని కంపెనీలు వాదిస్తాయి. లోపలే దాగి ఉండి, తర్వాత ఎప్పుడో బయటపడే లోపాలకు ఆ లెక్క నిలవదు. హ్యుందాయ్ వర్సెస్ శైలేంద్ర భట్నాగర్ కేసులో కారు కొన్నది 2015లో, ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగులు తెరుచుకోనిది 2017లో. లోపం బయటపడిన రోజు నుంచే గడువు లెక్కించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎయిర్‌బ్యాగు పనిచేస్తుందో లేదో ప్రమాదం జరిగితే తప్ప కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు కదా.

అలాగని చెడిన ప్రతిదీ లోపం కాదు. ఏడేళ్లు వాడిన వాషింగ్ మెషీన్ బెల్టు, డోర్ రబ్బరు, మూడేళ్లు రోజూ ఛార్జ్ చేసిన ఫోన్ బ్యాటరీ అరిగిపోయేవే. పద్నాలుగు నెలలకే పోయిన మదర్‌బోర్డు, వారంటీలో రెండుసార్లు బాగుచేశాక మూడోసారీ అదే చోట లీకయిన ఏసీ కాయిల్, ఒకే మోడల్‌లో చాలామందికి ఒకేలా వచ్చే స్క్రీన్ గీత అలాంటివి కావు. ఫోన్లలో ఆకుపచ్చ గీత సమస్య వచ్చినప్పుడు వారంటీ దాటిన హ్యాండ్‌సెట్లకూ కొన్ని కంపెనీలు మన దేశంలో ఉచితంగా స్క్రీన్ మార్చాయి. అందుకే ఎస్టిమేట్‌కి ఒప్పుకునే ముందు "ఈ మోడల్‌కి స్పెషల్ సర్వీస్ ప్రోగ్రామ్ ఏమైనా ఉందా?" అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో అడిగితే జవాబు మిగలదు.

అపోహ: కంప్రెసర్‌కి పదేళ్లంటే ఫ్రిజ్‌కి పదేళ్లు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద స్టిక్కర్‌లో కనిపించే పదేళ్లు చాలా కంపెనీల దగ్గర కంప్రెసర్ అనే ఒక్క భాగానికే. మొత్తం వస్తువుకు మామూలుగా ఏడాదే. నాలుగో ఏట కంప్రెసర్ పోతే దాన్ని ఉచితంగా ఇస్తారు. అయితే పాతది తీసి కొత్తది వెల్డింగ్ చేయాలంటే పైపులు కోయాలి, ఫిల్టర్ డ్రయ్యర్ మార్చాలి, వాక్యూమ్ చేసి గ్యాస్ నింపాలి. వీటికి, లేబర్‌కి, విజిట్‌కి, కొన్నిసార్లు రవాణాకి కూడా బిల్లు వేస్తారు. వారంటీ కార్డులోని మినహాయింపుల పేరాలో ఇది రాసి ఉంటే కాదనడం కష్టం. రాసి లేకపోతే మాత్రం ఆ బిల్లును ప్రశ్నించవచ్చు.

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో మరో మెలిక ఉంది. కంప్రెసర్‌ని నడిపేది పీసీబీ అనే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు. చాలా కార్డుల్లో బోర్డుకి పదేళ్లు ఉండవు. చల్లబడటం లేదంటే చెడింది ఏదో ముందు రాతపూర్వకంగా తేల్చమనండి. బోర్డు పోయినా కంప్రెసర్ పోయినా బయటికి కనిపించే లక్షణం ఒకటే, కాబట్టి పొరపాటున గానీ కావాలని గానీ ఉచితం కాని భాగం పేరు రాసే వీలుంది.

బోర్డు పోయినప్పుడు వెంటనే వినిపించే మాట "వోల్టేజ్ ఫ్లక్చువేషన్". అప్పుడు ఫ్రిజ్ మీది స్టిక్కర్లు, అట్టపెట్టె మీది రాతలు చదవండి. "స్టెబిలైజర్ అక్కర్లేదు, 100 నుంచి 300 వోల్టుల వరకు" అని చాలా మోడళ్ల మీద కంపెనీయే ముద్రిస్తుంది. అలా ప్రచారం చేసుకుని, తీరా వోల్టేజ్ వల్ల పోయిందంటే సెక్షన్ 2(10) సరిగ్గా అతుకుతుంది. ఆ స్టిక్కర్ ఫొటో మీ కేసులో బలమైన కాగితం. అదే రోజు అదే ఇంట్లో టీవీ, ఏసీ, మిక్సీ బాగానే పనిచేశాయన్నదీ రాసిపెట్టుకోండి.

అపోహ: టెక్నీషియన్ రాసిందే ఆఖరు మాట

టెక్నీషియన్ చూసింది, చేసింది రాసే కాగితమే జాబ్ షీట్; దాని మీద మీరు పెట్టే సంతకం తర్వాత మీకే అడ్డం తిరగవచ్చు. "ఫిజికల్ డ్యామేజ్", "నీళ్లు వెళ్లాయి", "కస్టమర్ మిస్‌యూజ్" లాంటి మాటలు ఇంగ్లీషులో చిన్నగా రాసి ఉంటాయి. సంతకానికి ముందు ఆ గడి చదివించుకోండి. ఒప్పుకోకపోతే పక్కనే తెలుగులో "దీనికి నేను అంగీకరించడం లేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి, షీట్ మొత్తం ఫొటో తీసుకోండి. సంతకం మొబైల్ యాప్‌లో తీసుకుంటే అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్‌లో అభ్యంతరం పంపండి.

చెడిన రోజు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. మొదట వస్తువు చెడిన తీరు వీడియో తీయండి, సీరియల్ నంబర్ కనిపించాలి. తర్వాత కంపెనీకి ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకోండి. కంపెనీ మనిషి చూసి కాగితం ఇచ్చేదాకా వీధిలోని మెకానిక్ చేత విప్పించకండి. విప్పాక చెడిందంతా అతని ఖాతాలో వేస్తారు. డబ్బు కట్టి భాగం మార్పించుకుంటే, పాతది మీకే వదలమని ముందే మాట్లాడుకోండి. రేపు పరీక్షకు పంపాలంటే ఆ ముక్క చేతిలో ఉండాలి.

ఇక బిల్లు. థర్మల్ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, కొన్న రోజే ఫొటో తీసి ఈమెయిల్‌లో దాచండి. ఇంట్లో వాడే వస్తువుని ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని వ్యాపారం పన్నులో తగ్గించుకోవడం) కోసం వ్యాపారం జీఎస్టీ నంబర్ మీద కొంటే "వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారులే కాదు" అనే వాదన ఎదురవుతుంది. స్వయం ఉపాధి కోసం కొన్న కుట్టు మిషన్ లాంటి వాటికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

నిపుణుడి నివేదిక కావాల్సివస్తే దారులు రెండు. బయటి ఇంజినీరు చేత పరీక్ష చేయించి, అర్హతలు, సంతకంతో రిపోర్టు, అఫిడవిట్ తీసుకోవడం ఒకటి. సెక్షన్ 38 కింద ల్యాబ్‌కి పంపమని కమిషన్‌నే కోరడం రెండోది. ల్యాబ్ ఫీజు ముందు మీచేత కట్టించవచ్చు. లోపం కంటికే కనిపిస్తుంటే, అదే తప్పు వారంటీలోనే పలుసార్లు వచ్చినట్టు జాబ్ షీట్లుంటే, నిపుణుడు లేకుండా కూడా కేసు నిలబడవచ్చు. వారంటీలో ఉండగా వచ్చిన చిన్న తేడానీ నోటిమాటగా వదలకుండా ఫిర్యాదు నమోదు చేయించమనేది అందుకే.

అపోహ: అమ్మాక షాపుకి సంబంధం లేదు

సెక్షన్ 2(45)లో "వ్యాపారి" అంటే అమ్మినవాళ్లూ, తయారీదారూ. ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకరి మీదికి ఒకరు నెట్టుకునే వీలు తగ్గుతుంది. షాపు తన పేరుతో అదనంగా ఏడాదో రెండేళ్లో వారంటీ అమ్మి ఉంటే ఆ మాటకు షాపే జవాబుదారీ. ఆ ప్లాన్ ఎవరి పేరు మీద ఉంది, కంపెనీ వారంటీ ముగిశాక మొదలవుతుందా లేక కొన్న రోజు నుంచా, వాడిన కాలానికి తరుగు కోసుకుంటారా అన్న మూడూ డబ్బు కట్టకముందే చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

అపోహ: ఆరేళ్ల దాకా హక్కు ఉంది

ఇది బ్రిటన్ సంగతి. అక్కడ 2015 చట్టం కింద ఇంగ్లండ్, వేల్స్‌లో ఆరేళ్లు, స్కాట్లండ్‌లో ఐదేళ్ల వరకు అమ్మినవాళ్ల మీద దావా వేయవచ్చు. మొదటి ఆరు నెలల్లో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నదిగానే చూస్తారు. లండన్‌లో ఉండే మనవాళ్లకు అది పనికొస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న వస్తువుకి అది వర్తించదు. మన చట్టంలో ఆ ఆరేళ్ల లెక్క లేదు, పైన చెప్పిన రెండేళ్ల గడువే ఉంది.

అపోహ: ఫోరానికి వెళ్తే లాయర్ ఫీజుకే సరిపోతుంది

లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వస్తువుకి చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫైలింగ్ ఫీజు సున్నా. ఇక్కడ లెక్క మీరు కోరే పరిహారంతో కాదు, కట్టిన ధరతో. 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే పరిధి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా సరే.

ముందు 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ మాట్లాడుతుంది, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. చాలా చిన్న గొడవలు అక్కడే తీరగలవు. కానీ అది కోర్టు కాదు, ఆదేశాలిచ్చే అధికారం దానికి లేదు. అక్కడ ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన రెండేళ్ల గడువు ఆగదు. తర్వాత 15 రోజుల వ్యవధి ఇస్తూ షాపుకి, కంపెనీకి స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. చట్టం ఇది తప్పనిసరి అనలేదు, అయినా రికార్డు బలపడుతుంది. ఆపైన 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, జాబ్ షీట్లు, ఈమెయిళ్లు అప్‌లోడ్ చేయాలి. నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో, పొడిగించినా మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే కమిషన్ కూడా పొడిగించడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువ పడుతుందని ముందే తెలుసుకుని దిగండి.

అపోహ: గెలిస్తే కొత్త వస్తువో, పూర్తి డబ్బో వస్తుంది

మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్గోత్రా (2006) కేసులో లోపమున్న భాగం మార్చడమే వారంటీ బాధ్యత, కారు మొత్తం మార్చాల్సిన పని లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లు వాడిన వస్తువుకి పూర్తి ధర అడిగితే మీ మాటకే బరువు తగ్గుతుంది. ఉచిత మరమ్మతు, అది కుదరకపోతే తరుగు పోను మిగిలిన ధర, కేసు ఖర్చులు అని వరసగా కోరండి. స్పేర్ పార్టు దొరకడం లేదని కంపెనీ రాసిస్తే ఆ కాగితం భద్రపరచండి, డబ్బు వాపసు కోరడానికి అదే ఆధారం.

"ప్రొడక్ట్ లయబిలిటీ" (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) కింద పెద్ద మొత్తం రాబట్టవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఫ్రిజ్ పేలి వంటిల్లు కాలితే, మనిషికి గాయమైతే ఆ అధ్యాయం వర్తిస్తుంది. ఫ్రిజ్ మాత్రమే పాడైతే వర్తించదు. వస్తువుకే జరిగిన నష్టాన్ని సెక్షన్ 2(22) పక్కన పెట్టింది.

డబ్బు కట్టి బాగుచేయించుకున్న తర్వాత అదే భాగం మళ్లీ పోతే అది కొత్త వివాదం. మార్చిన భాగానికి ఎన్ని రోజుల గ్యారంటీయో రసీదు మీద రాయించుకోండి. ఇక కమిషన్ ఉత్తర్వు వచ్చాక కంపెనీ కట్టకుండా కూర్చుంటే సెక్షన్ 71 కింద అమలు దరఖాస్తు వేయవచ్చు. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, చెల్లించమన్న మొత్తంలో సగం ముందే జమ చేయాలి.