ఖాళీ పికప్, మంచు రోడ్డు, ఇసుక బస్తాలు: అపోహలు - వాస్తవాలు

ఖాళీగా ఉన్న పికప్ బరువులో సుమారు 60 శాతం ఇంజను ఉన్న ముందు ఇరుసు మీదే పడుతుంది; బండిని నెట్టవలసిన వెనుక చక్రాలకు దక్కేది మిగిలిన 40 శాతమే. మంచు పడగానే తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకునే అలవాటు ఇందువల్లే వచ్చింది. ఆ అలవాటులో తప్పు లేదు. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల వల్లనే చలికాలమంతా మా రిపేరు షెడ్డుకు బండ్లు వస్తుంటాయి.

అపోహ: ఎంత బరువు వేస్తే అంత పట్టు.

వాస్తవం: వెనుక చక్రాల మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది గాని, ఆ పట్టుతో లాగవలసిన బరువు కూడా దానితోపాటే పెరుగుతుంది. ఉదాహరణకు 2,000 కిలోల బండిలో వెనుక ఇరుసుపై 800 కిలోలు పడుతున్నాయనీ, అణగిపోయిన మంచు మీద టైరు ఘర్షణ గుణకం (మోసే బరువులో ఎంత వంతు పట్టుగా మారుతుందో చెప్పే అంకె) 0.2 అనీ అనుకుందాం. చక్రాలు 160 కిలోల బలంతో నెట్టగలవు, అంటే చిన్నాచితకా నిరోధాలను పక్కన పెడితే 8 శాతం ఎత్తు (వంద మీటర్లకు 8 మీటర్లు లేచే రోడ్డు) ఎక్కగలవు. ఇరుసుకు సరిగ్గా పైన 150 కిలోలు వేస్తే అది 8.8 శాతం అవుతుంది. ఒక్క బస్తా కూడా వేయకుండా గుణకాన్ని 0.3కు పెంచే చలికాలపు టైర్లు బిగిస్తే 12 శాతానికి చేరుతుంది. డబ్బు మొదట దేనికి పెట్టాలని అడిగేవారికి నేను టైర్లనే చెబుతాను. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గేకొద్దీ వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది. చలికాలపు టైరు మెత్తదనం నిలుపుకుంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి.

అపోహ: బరువు ఎంత వెనక్కి ఉంటే అంత మేలు.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే, ఎందుకంటే వెనుక తలుపు దగ్గర దించేయడం సులువు. రెండు ఇరుసుల మధ్య 3.2 మీటర్లున్న బండిలో, వెనుక ఇరుసుకు మీటరు అవతల 150 కిలోలు పెడితే వెనుక సుమారు 197 కిలోలు పెరుగుతాయి, ముందు 47 కిలోలు తగ్గుతాయి. అంటే స్టీరింగు తిప్పే చక్రాలనే మనం తేలిక చేస్తున్నాం. మలుపులో తోక బరువై బయటికి విసురుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేస్తాయి. బస్తాల చోటు చక్రాల గూళ్ల మధ్య, ఇరుసుకు పైన లేదా కొద్దిగా ముందు.

అపోహ: బరువుంటే బండి త్వరగా ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. బ్రేకు నాలుగు చక్రాలకూ పడుతుంది, అదనపు బరువును కూడా ఆ టైర్లే ఆపాలి. బండి సులువుగా కదిలిందన్న ధీమాతో వేగం పెంచేవారికే ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

అపోహ: బరువైనది ఏదైనా సరే.

వాస్తవం: ఒకసారి షెడ్డుకు వచ్చిన బండిలో సిమెంటు దిమ్మ బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి, తొట్టి ముందు గోడను లోపలికి నొక్కేసింది, దిమ్మ మూల ఆకారం రేకు మీద అచ్చు పడినట్టు దిగింది. "అంత బరువు ఎక్కడికి కదులుతుందిలే" అనుకుని ఆ యజమాని దాన్ని కట్టలేదట. తడిసి గడ్డకట్టిన తొట్టి అడుగు కూడా మంచు రోడ్డు లాంటిదే. పొడి ఇసుక బస్తాలను బెల్టులతో కదలకుండా బిగించడం మేలు, ఎందుకంటే చక్రం ఇరుక్కుంటే ఒక బస్తా విప్పి టైరు కింద చల్లుకోవచ్చు. తడి ఇసుక మాత్రం రాయిలా గడ్డకడుతుంది. ఉప్పు బస్తాలు రేకును తినేస్తాయి.

టైర్లలో గాలి తీస్తే మంచు మీద పట్టు వస్తుందన్న మాట రోడ్డు మీద నడిచే బండికి వర్తించదు. చలికి గాలి ఒత్తిడి దానంతటదే, ప్రతి 5 లేక 6 డిగ్రీలకు సుమారు ఒక పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) చొప్పున, తగ్గుతుంది గనుక ఉదయం బండి కదపకముందే కొలిచి నింపుకోవాలి. బస్తాలు వేసేముందు డ్రైవరు తలుపు చట్రం మీది చీటీలో బండి మోయగల బరువు చూసి, ఎక్కే మనుషుల బరువును అందులోంచి తీసివేయండి. మంచు కాలం ముగిశాక బస్తాలన్నీ దించి, వాటి కింద నిలిచిన తడిని తుడిచి, తుప్పు మొదలైందేమో చూడండి.